నవ్వు పూర్తయ్యేదాకా ఆగండి

టీవీ మనుషుల జీవితాల మీద వచ్చిన డాక్యుమెంటరీల గురించి, పాత సిట్‌కామ్‌ల, అంటే టీవీ హాస్య ధారావాహికల, గురించి వచ్చిన ఉత్తరాలకే ఈసారి ఈ శీర్షిక మొత్తం కేటాయించాను. నా ఉద్యోగమంతా ఎడిటింగ్ గదిలోనే గడిచింది. అందుకే ఏది అడిగినా, దృశ్యం ఎక్కడ మొదలైంది, ఎక్కడ తెగింది అన్న చోటి నుంచే నా జవాబు వస్తుంది.

ప్రశ్న: 'లూసీ అండ్ డెజీ' డాక్యుమెంటరీ చూశానండీ. మనుషులు నచ్చారు. కానీ అందులో చూపించిన 'ఐ లవ్ లూసీ' ముక్కలకు నాకు పెద్దగా నవ్వు రాలేదు. డెబ్భై ఏళ్లు దాటిన నలుపు తెలుపు సిట్‌కామ్ ఇప్పుడు చూస్తే నిజంగా నవ్వొస్తుందా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: వస్తుంది. పడి పడి నవ్వుతారు. మీకు నవ్వు రాకపోవడానికి కారణం ఆ ముక్కల నిడివి తప్ప లూసీగా నటించిన లూసీల్ బాల్ కాదు. హాస్యనటుల మీద తీసే డాక్యుమెంటరీల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టే లోపం ఇదే. గొప్ప సన్నివేశంలోంచి నాలుగైదు సెకన్లు చూపిస్తారు. నవ్వు పుట్టబోతుండగా కోసేసి, ఎవరో ప్రముఖుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఆమె ఎంత గొప్పదో చెప్పిస్తారు. ఆయన చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఆ గొప్పతనం మనకు సన్నివేశంలోనే తెలియాలి. నవ్వుకు ముందు కొంత సన్నాహం ఉంటుంది, కొంత ఎదురుచూపు ఉంటుంది. అవి తీసేస్తే మిగిలేది వంకర తిరిగిన ముఖం ఒక్కటే.

1952 సెప్టెంబరు 15న ప్రసారమైన 'జాబ్ స్విచింగ్' ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి. భర్తలు ఇంటిపని చేయాలని, భార్యలు సంపాదించి తేవాలని పంతం పట్టుకుంటారు. లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్ చాక్లెట్ ఫ్యాక్టరీలో చేరతారు. బెల్టు మీద ఒక్కొక్క చాక్లెట్ వస్తుంటుంది. ప్రతిదానికీ కాగితం చుట్టి మళ్లీ బెల్టు మీద పెట్టాలి. ఒక్కటి చుట్టకుండా దాటిపోయినా ఉద్యోగం ఊడుతుందని పర్యవేక్షకురాలు హెచ్చరించి వెళ్తుంది. మొదట బెల్టు నింపాదిగా కదులుతుంది. ఇద్దరూ 'ఓస్, ఇంతేనా' అనుకుంటారు. డాక్యుమెంటరీలు కోసేసేది సరిగ్గా ఈ భాగాన్నే! తర్వాతి నవ్వంతా దీని మీదే నిలబడి ఉంది. వేగం కాస్త పెరుగుతుంది. చేతులు తడబడతాయి. చుట్టలేనివి నోట్లో కుక్కుకుంటారు, టోపీల్లో దాస్తారు, జాకెట్లలోకి తోసేస్తారు. పర్యవేక్షకురాలు తిరిగి వచ్చేసరికి బెల్టు ఖాళీగా ఉంటుంది. బుగ్గలు ఉబ్బి, నోరు విప్పలేక నిలబడ్డ ఇద్దరినీ ఆమె మెచ్చుకుంటుంది. ఆ వెంటనే లోపలివాళ్లకు వినబడేలా వేగం పెంచమని కేకేస్తుంది. ఆ కేక దగ్గర లూసీ కళ్లు చూడండి. ఇద్దరినీ ఒకే ఫ్రేములో ఉంచి ఎక్కువ భాగం కోత లేకుండా వదిలేశారు కాబట్టే ఆ కళ్లు చూసే అవకాశం మనకు దొరికింది. అదే ఎపిసోడ్‌లో లూసీ పక్కన కూర్చుని మాటాపలుకూ లేకుండా చాక్లెట్లు ముంచే ఆమె నటి కాదు, నిజంగా ఆ పనే చేసే మనిషిని వెతికి తెచ్చారు.

ఇక ఆ బొమ్మ ఈనాటికీ అంత స్పష్టంగా ఎందుకుందో చెప్పాలి. 1951 అక్టోబరు 15న ఈ సిట్‌కామ్ అమెరికా టీవీ చానల్ సీబీఎస్‌లో మొదలైంది. ఆ రోజుల్లో ఎక్కువ కార్యక్రమాలు న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా వచ్చేవి. దూరప్రాంతాల వాళ్లకు, టీవీ తెర మీది బొమ్మను ఫిల్మ్ కెమెరాతో తీసిన మసక నకలే గతి. లూసీ, ఆమె భర్త డెజీ ఆర్నాజ్ హాలీవుడ్ వదిలి రామన్నారు. తూర్పు తీరపు ప్రేక్షకులకు ఆ మసక నకలు చూపించడానికి స్పాన్సరైన సిగరెట్ కంపెనీ ఒప్పుకోలేదు. అప్పుడు డెజీ పట్టుబట్టి, ప్రేక్షకులను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మూడు కెమెరాలతో ఒకేసారి, సినిమాలకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీయించాడు. ఛాయాగ్రహణానికి జర్మన్ మూకీ చిత్రం 'మెట్రోపొలిస్'కు పనిచేసిన కార్ల్ ఫ్రాయిండ్‌ను తెచ్చుకున్నారు. ఏ కెమెరాలోంచి చూసినా ముఖం మీద నీడ పడకుండా సెట్టంతా పైనుంచి సమంగా వెలిగించే పద్ధతి ఆయనదే. ఖర్చు పెరిగింది. దంపతులు తమ పారితోషికంలో వారానికి 1,000 డాలర్లు తగ్గించుకుని, అందుకు బదులుగా ఆ ఫిల్ముల హక్కులు తమ దగ్గర ఉంచుకున్నారు. ఒకసారి ప్రసారమైపోయిన కార్యక్రమానికి మళ్లీ విలువ ఉంటుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. పునఃప్రసారాలతో ఆ ఫిల్ములే ఆస్తి అయ్యాయి. 1957లో వాళ్ల సంస్థ డెసిలూ ఏకంగా ఆర్‌కేఓ స్టూడియోలనే కొనేసింది.

ఏమీ పోలర్ 2022లో తీసిన ఈ డాక్యుమెంటరీ విలువ నా దృష్టిలో ఇక్కడే ఉంది. కుటుంబం దాచుకున్న టేపుల్లోంచి ఇద్దరి గొంతులూ వినిపిస్తూ, లూసీ భర్తగా మాత్రమే గుర్తుండిపోయిన డెజీని పనిమంతుడిగా నిలబెట్టింది. మీరు ఆ ఎపిసోడ్ చూశాక డాక్యుమెంటరీ మళ్లీ ఒకసారి పెట్టండి. ఆ టేపుల్లో మాటలు వేరుగా వినిపిస్తాయి.

ప్రశ్న: పాత సిట్‌కామ్‌లలో వెనక వినిపించే నవ్వులు నాకు చిరాకు. అవన్నీ దొంగ నవ్వులే కదా? వాటిని తీసేసి చూసే మార్గం లేదా?

జవాబు: అన్నీ దొంగవి కావు. ముందు ఆ తేడా పట్టుకుంటే మీ చిరాకు సగం తగ్గుతుంది. 'ఐ లవ్ లూసీ', 'ద డిక్ వాన్ డైక్ షో', 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ', 'చీర్స్' వంటివి ప్రేక్షకుల ఎదుట ఆడినవి. అక్కడ మీకు వినిపించేది చాలావరకు ఆ రోజు ఆ హాల్లో కూర్చున్న మనుషుల నవ్వు.

ప్రేక్షకులు లేకుండా, సినిమాలా ఒకే కెమెరాతో తీసినవాటికి నవ్వు తర్వాత అతికించేవారు. 1950లలో చార్ల్స్ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు దానికోసం ఒక పెట్టె తయారుచేశాడు. టైపు మిషను మీటల్లాంటివి నొక్కితే ఒక్కో రకం నవ్వు వచ్చేది. ముసిముసి నవ్వు ఒక మీట, ఆడవాళ్ల కిలకిల ఒక మీట, హాలంతా గొల్లుమనేది ఇంకో మీట. ఎంతసేపు వినిపించాలో కాలి కింది పెడలుతో సరిచూసుకునేవాడు. పెట్టెకు తాళం వేసి, లోపల ఏముందో ఎవరికీ చూపించేవాడు కాదు. ఏళ్ల తరబడి అమెరికా టీవీలో ఎక్కడ పెట్టుడు నవ్వు వినిపించినా అది చాలావరకు ఆ ఒక్క మనిషి చేతి పనే.

నవ్వు నిజమైనదో అతికించిందో తెలుసుకోవాలంటే నటుడిని గమనించండి. ఎదురుగా ప్రేక్షకులు ఉంటే నటుడు నవ్వు తగ్గేదాకా తర్వాతి మాట అనడు. ఊరికే నిలబడడు కూడా. కాఫీ కప్పు సర్దుతాడు, ఎదుటివాడిని మరోసారి చూస్తాడు. ఆ చూపుకు రెండో నవ్వు పుడుతుంది. ఇది రచయిత కాగితం మీద లేని నవ్వు. హాలుకూ నటుడికీ మధ్య అప్పటికప్పుడు పుట్టినది. ఎడిటర్‌గా నాకు అంతకంటే ఇష్టమైన క్షణం ఇంకొకటి లేదు. అతికించిన నవ్వులో ఈ సర్దుబాటు కనిపించదు. నటుడు తన దారిన మాట్లాడుకుంటూ పోతుంటే నవ్వు వెనకాల పరుగెత్తుతుంది.

కొరియా యుద్ధంలోని సైనిక వైద్యుల కథ 'మాష్' 1972 నుంచి 1983 వరకు నడిచింది. దాని రూపకర్త లారీ గెల్‌బార్ట్‌కు నవ్వులు పెట్టడం ఇష్టం లేదు. సీబీఎస్ వదల్లేదు. చివరికి ఆపరేషన్ గదిలో మాత్రం నవ్వు వినిపించకూడదన్న ఒప్పందానికి వచ్చారు. బ్రిటన్‌లో బీబీసీ అసలు నవ్వులు తీసేసి ప్రసారం చేసింది. దాని డీవీడీల్లో నవ్వు లేని శబ్దం ఎంచుకునే వీలుంది. అలా చూడండి, అది వేరే నాటకమే అవుతుంది. ఇంకా చేదుగా, ఇంకా మంచిగా ఉంటుంది. కానీ అదే పని 'ఐ లవ్ లూసీ'కి చేయాలని మాత్రం కోరుకోకండి. అక్కడ నవ్వు తీసేస్తే నటుల ఆగడం అర్థం లేకుండా పోతుంది.

ప్రశ్న: 'బీయింగ్ మేరీ టైలర్ మూర్' డాక్యుమెంటరీకి ఆ హాస్యనటి భర్తే ఇంట్లో దాచుకున్న వీడియోలు, కాగితాలు ఇచ్చారట. ఇంటివాళ్లు చేయి కలిపినప్పుడు నిజం బయటికి వస్తుందా? ఇలాంటివి ఎంతవరకు నమ్మాలి?

జవాబు: ఇంటివాళ్లు తలుపు తీస్తే లోపలి సామగ్రి దొరుకుతుంది, దాంతోపాటు మొహమాటమూ వస్తుంది. రెండూ కలిసే ఉంటాయి. అందుకని నేను చూసేది ఒక్కటే. ఆ మనిషి ఇబ్బందిపడ్డ చోట, ఎదురు తిరిగిన చోట కెమెరా ఎంతసేపు నిలిచింది? తుడిచి మెరుగుపెట్టిన చిత్రాల్లో అలాంటి చోట్ల వెంటనే సంగీతం మొదలవుతుంది.

2023లో వచ్చిన ఈ చిత్రంలో 1966 నాటి ఒక టీవీ ఇంటర్వ్యూ ఉంది. డేవిడ్ సస్కిండ్ అనే ఆయన ఆడవాళ్లు ఇంట్లో ఎలా ఉండాలో ఆమెకే వివరించబోతాడు. ఆమె తొణకదు. స్త్రీవాద రచయిత్రి బెటీ ఫ్రీడన్ పేరెత్తి, ఆడవాళ్లు ముందు మనుషులు, తర్వాతే భార్యలూ తల్లులూ అన్న అర్థంలో జవాబిస్తుంది. నవ్వుముఖమే, గొంతు పెంచలేదు. అయినా సస్కిండ్ దగ్గర సమాధానం లేదు. దర్శకుడు జేమ్స్ అడాల్ఫస్ ఆ సంభాషణను చాలినంత సేపు నడవనిచ్చాడు. ఆ ఒక్కదాని కోసమైనా ఆ చిత్రానికి నా నమస్కారం.

అది చూశాక ఆమె పని చూడండి. 1970 సెప్టెంబరులో మొదలైన 'ద మేరీ టైలర్ మూర్ షో' మినియాపొలిస్‌లోని ఒక టీవీ వార్తా విభాగం కథ. నాయికను విడాకులు తీసుకున్న స్త్రీగా చూపించాలని రచయితలు అనుకున్నారు. అంతకుముందు 'ద డిక్ వాన్ డైక్ షో'లో వాన్ డైక్ భార్యగా ఆమెను దేశమంతా చూసింది కాబట్టి ఆయననే వదిలేసిందని జనం అనుకుంటారని చానల్ భయపడింది. నిశ్చయమైన పెళ్లి చెడిపోయిన మనిషిగా మార్చారు.

అందులో 1975 అక్టోబరులో వచ్చిన 'చకిల్స్ బైట్స్ ద డస్ట్' ఎపిసోడ్‌ను మించిన హాస్యం నేను చూడలేదు. చకిల్స్ ఆ చానల్‌లో పిల్లల కార్యక్రమం చేసే విదూషకుడు. వేరుశనక్కాయ వేషంలో ఊరేగింపుకు వెళ్తే ఏనుగు ఆ కాయ ఒలవబోయి ప్రాణం తీస్తుంది. ఆఫీసులో అందరూ దాని మీద ఛలోక్తులు వేస్తుంటే మేరీ ఒక్కతే మండిపడుతుంది. చనిపోయిన మనిషి మీద నవ్వుతారా అంటుంది. అంత్యక్రియల్లో మిగతా అందరూ గంభీరంగా కూర్చుంటారు. పాస్టర్ ఆ విదూషకుడి పాత్రల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే మేరీకి నవ్వు మొదలవుతుంది. దగ్గుగా మారుస్తుంది, పెదవి కొరుకుతుంది, రుమాలు అడ్డం పెట్టుకుంటుంది. ఆగదు. పాస్టర్ ఆమెను లేచి నిలబడమని, మనసారా నవ్వమని, చకిల్స్ కోరుకునేదీ అదేనని చెబుతాడు. అంతే, ఆమె భోరున ఏడ్చేస్తుంది. నవ్వుకూ ఏడుపుకూ మధ్య ముఖం ఎక్కడ మారిందో నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసినా వేలు పెట్టి చూపించలేను. ఏ డాక్యుమెంటరీలో వేసినా ఈ సన్నివేశం సగమే కనిపిస్తుంది. ఎందుకంటే దాని మొదటి సగం ఆఫీసులోని ఛలోక్తుల దగ్గరే ఉంది.

ప్రశ్న: మా పిల్లలతో కలిసి 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ' చూద్దామనుకుంటే ఆర్చీ బంకర్ మాటలు వినలేకపోయాం. జాతుల మీద, ఆడవాళ్ల మీద ఎంతెంత మాటలు! దీన్ని గొప్ప సిట్‌కామ్ అని ఎందుకంటారు? పిల్లలకు చూపించవచ్చా?

జవాబు: ఊహ తెలిసిన పిల్లలైతే పక్కన కూర్చుని చూపించండి. చిన్నవాళ్లకు వద్దు. మాటలోని విషం వాళ్లకు ముందు అంటుతుంది, దాని మీది విమర్శ తర్వాత ఎప్పుడో అందుతుంది.

ఆ మాటలకు అప్పట్లోనూ జనం ఉలిక్కిపడ్డారు. 1971 జనవరి 12న మొదటి ఎపిసోడ్‌కు ముందు, ఇది మన పక్షపాతాలను నవ్వుతూ చూపించే ప్రయత్నమని సీబీఎస్ తెర మీద ఒక ప్రకటన వేసింది. బ్రిటిష్ సిట్‌కామ్ 'టిల్ డెత్ అజ్ డూ పార్ట్' ఆధారంగా నార్మన్ లియర్ దీన్ని తయారుచేశాడు. ఆర్చీని రాక్షసుడిగా రాసి ఉంటే సులువుగా తోసేసేవాళ్లం. కారల్ ఓకానర్ అతనిలో భయం చూపించాడు. లోకం తనకు తెలియకుండా మారిపోతోందని బెదిరిన మనిషి. 1972లో నల్లజాతి గాయకుడు సామీ డేవిస్ జూనియర్ స్వయంగా వాళ్లింటికి వచ్చే ఎపిసోడ్ ఒకటుంది. ఫోటో తీసే క్షణంలో సామీ చటుక్కున ఆర్చీ బుగ్గ మీద ముద్దు పెడతాడు. హాల్లో లేచిన నవ్వు ఎంతకీ తగ్గదు. ఓకానర్ ఒక్క మాట అనకుండా ఆ ముఖంతోనే నిలబడి ఉంటాడు. వెనక వినిపించే నవ్వుల గురించి అడిగినవారికి చెప్పిన హాలూ నటుడూ సంగతి ఇక్కడ చూడవచ్చు.

మీ అభ్యంతరం మాత్రం చిన్నది కాదు. ఆర్చీని విమర్శగా కాక, తమ మనసులో మాటగా చూసి చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు. లియర్ తీసిన మరో సిట్‌కామ్, నల్లజాతి కుటుంబం కథ అయిన 'గుడ్ టైమ్స్'లో తల్లిదండ్రులుగా నటించిన ఎస్తర్ రోల్, జాన్ ఏమస్, పెద్దకొడుకు పాత్రను కోతిచేష్టల స్థాయికి దించేస్తున్నారని గట్టిగా అభ్యంతరం చెప్పారు. నా మట్టుకు వాళ్లిద్దరి మాటే న్యాయం. 2016లో హైడీ యూయింగ్, రేచల్ గ్రేడీ తీసిన 'నార్మన్ లియర్: జస్ట్ అనదర్ వెర్షన్ ఆఫ్ యూ'లో ఈ వివాదాన్ని దాచలేదు. లియర్ బతికుండగానే తీసిన చిత్రమైనా ఆ పాటి ధైర్యం చూపించారు. ఆయన 2023 డిసెంబరులో, 101వ ఏట కన్నుమూశారు. ఆర్చీ కూర్చునే కుర్చీ వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

ప్రశ్న: లూసీ, డెజీల మీద తీసిన 'బీయింగ్ ద రికార్డోస్' సినిమా చూస్తే డాక్యుమెంటరీ చూసినట్టే కదా? మళ్లీ రెండూ ఎందుకు?

జవాబు: కాదు. ఆరన్ సోర్కిన్ తీసిన ఆ 2021 సినిమా వేర్వేరు కాలాల్లో జరిగినవాటిని ఒకే వారంలోకి కుదించింది. లూసీ బిడ్డను కన్నది 1953 జనవరిలో. ఆమె కమ్యూనిస్టు అన్న ఆరోపణ పత్రికలకెక్కింది అదే ఏడాది సెప్టెంబరులో. సినిమాలో ఆమె గర్భం సంగతీ, ఈ ఆరోపణా రెండూ ఒకేసారి మీద పడతాయి. నాటకానికి అది బాగుంటుంది, చరిత్రగా మాత్రం తీసుకోకండి. ఆ ఆరోపణ వచ్చినప్పుడు డెజీ షూటింగుకు వచ్చిన ప్రేక్షకుల ముందు నిలబడి, లూసీలో ఎర్రగా ఉన్నది ఆమె జుట్టొక్కటే, అదీ అసలు రంగు కాదని చెప్పాడు. ఏ రచయితా అంతకన్నా మంచి మాట రాయలేడు.

ప్రశ్న: నేను జర్నలిజం చదువుతున్నాను సర్. మీడియా ప్రముఖుల మీద ఏ డాక్యుమెంటరీ చూసినా బాల్యంలో దెబ్బలు, విడాకులు, డిప్రెషన్. పని గురించి నేర్చుకునేది ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు: మీ ఫిర్యాదు సమంజసం. కష్టాలను వరసగా పేరిస్తే జీవితకథ కాదు. ఆ కష్టం పనిలో ఎక్కడ బయటపడిందో చూపించాలి.

ఇజ్రాయెల్ దర్శకుడు ఆవీ బెల్కిన్ తీసిన 'మైక్ వాలెస్ ఈజ్ హియర్'తో మొదలుపెట్టండి. 2019లో వచ్చింది. 1968లో మొదలైన 'సిక్స్‌టీ మినిట్స్' కార్యక్రమంలో ఎదుటివాళ్లకు చెమటలు పట్టించిన విలేకరి కథ. చిత్రం మొత్తం పాత దృశ్యాలే. కొత్తగా ఒక్క ఇంటర్వ్యూ కూడా తీయలేదు. కుర్చీలో కూర్చుని పొగిడేవాళ్లు లేరు! వాలెస్ ఇతరులను నిలదీసిన దృశ్యాలను, ఇతరులు వాలెస్‌ను నిలదీసిన దృశ్యాలను పక్కపక్కన చేర్చారు. తాను జీవితమంతా వేసిన ప్రశ్నలే తన మీదికి తిరిగి వస్తే ఆ మనిషి కుర్చీలో ఎలా కదిలాడో చూస్తాం. ఇది పూర్తిగా ఎడిటింగ్ బల్ల మీద పుట్టిన సినిమా. 

మీరు అడిగిన తేడా ఇందులో తెలుస్తుంది. వాలెస్ మొదట్లో క్విజ్ కార్యక్రమాలు చేశాడు, సిగరెట్ ప్రకటనల్లో నటించాడు. 1962లో పెద్దకొడుకు పీటర్ గ్రీసులో కొండ మీది నుంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత వాలెస్ మిగతావన్నీ వదిలి వార్తలకే అంకితమయ్యాడు. ఇక్కడ దుఃఖం పనికి కారణంగా వచ్చింది, అందుకే చెప్పాల్సిన విషయమైంది. విద్యార్థిగా మీరు చేయవలసిన పని ఒకటుంది. శబ్దం తగ్గించి వాలెస్ ప్రశ్న వేసిన తర్వాతి క్షణాలు చూడండి. ప్రశ్న వేసి ఊరుకుంటాడు. అవతలివాడు ఆ నిశ్శబ్దాన్ని భరించలేక అడగనిదీ చెప్పేస్తాడు. 

ఇంకోటి, హాస్యనటుడు గ్యారీ షాండ్లింగ్ మీద జడ్ ఆపటో 2018లో రెండు భాగాలుగా తీసిన 'ద జెన్ డైరీస్ ఆఫ్ గ్యారీ షాండ్లింగ్'. నిడివి ఎక్కువ. కానీ ఆయన డైరీ పేజీలు చేతిరాతతో సహా తెర మీద ఉంటాయి. దాన్ని చూసే ముందు ఆయన 'ద ల్యారీ శాండర్స్ షో' కొన్ని ఎపిసోడ్లు తప్పకుండా చూడండి. రాత్రిపూట ముచ్చట్ల కార్యక్రమం నడిపే మనిషి తెర ముందు ఎలా ఉంటాడో, తెర వెనక ఎలా ఉంటాడో అందులోనే ఉంది.

ప్రశ్న: పిల్లల టీవీ కార్యక్రమం నడిపిన ఫ్రెడ్ రోజర్స్ మీద వచ్చిన డాక్యుమెంటరీ చూసి మా ఇంట్లో అందరం ఏడ్చేశామండీ. మేము అమెరికాలో పెరగలేదు, ఆయన కార్యక్రమం ఒక్కటీ చూడలేదు. మరి ఎందుకంత కదిలిపోయాం?

జవాబు: దర్శకుడు మోర్గన్ నెవిల్ ఆయనను మాట్లాడనిచ్చాడు, అందుకు. 'వోంట్ యూ బీ మై నైబర్?' 2018లో వచ్చింది. అందులో 1969 మే 1 నాటి సెనేట్ ఉపసంఘం దృశ్యం గుర్తు చేసుకోండి. ప్రజా ప్రసార సంస్థకు రావలసిన 2 కోట్ల డాలర్లకు కోత పెట్టాలని ప్రభుత్వం చూస్తోంది. అధ్యక్ష స్థానంలో సెనేటర్ జాన్ పాస్టోరీ, విసుగ్గా ఉన్నాడు. రోజర్స్ తాను రాసి తెచ్చిన ప్రసంగం చదవలేదు. దాన్ని మీరు చదువుతారని నాకు నమ్మకం ఉంది అని పక్కన పెట్టి, పిల్లలకు కోపం వచ్చినప్పుడు దాన్ని ఏం చేసుకోవాలో చెప్పే తన పాట మాటలను, రాగం లేకుండా, నెమ్మదిగా వినిపించాడు. పాస్టోరీ ముఖం మారడం మన కళ్లెదుటే జరుగుతుంది. ఒళ్లు పులకరించిందని ఒప్పుకుని, 2 కోట్లు మీరు సంపాదించుకున్నట్టేనని అన్నాడు.

రోజర్స్‌కు ఆ పద్ధతి ఆ ఒక్కరోజుది కాదు. 1968 నుంచి 2001 దాకా సాగిన తన కార్యక్రమంలోనూ అంతే. కెమెరా ముందు మౌనానికి భయపడలేదు. చెప్పులు మార్చుకోవడానికి ఎంతసేపు పడితే అంతసేపు తీసుకున్నాడు. టీవీలో సెకను ఖాళీగా కనిపిస్తే మాలాంటివాళ్లం కత్తెర పట్టుకుంటాం. ఆయన ఆ ఖాళీని పిల్లల కోసం కాపాడాడు. మీ ఇంట్లో అందరినీ తాకింది బహుశా అదే.

ప్రశ్న: నాకు రోజుకు అరగంటే తీరిక. మా అమ్మకు ఇంగ్లీషు అంతగా రాదు. ఇద్దరం కలిసి నవ్వుకునే పాత సిట్‌కామ్ ఒక్కటి చెప్పండి. వందల ఎపిసోడ్లు ఉన్నది వద్దు.

జవాబు: 'ఫాల్టీ టవర్స్'. మొత్తం 12 ఎపిసోడ్లే. 1975లో ఆరు, 1979లో ఆరు. జాన్ క్లీజ్, కోనీ బూత్ కలిసి రాశారు. అతిథులంటే గిట్టని హోటల్ యజమాని బాసిల్ కథ. టార్కీ పట్టణంలో తాను బస చేసిన ఒక హోటల్ యజమానిని చూసి క్లీజ్ ఈ పాత్ర అల్లుకున్నాడు. ఒక్కో స్క్రిప్టు మీద వారాల తరబడి కూర్చున్నారు. ఆ శ్రమ కథ బిగింపులో తెలుస్తుంది. మొదటి అయిదు నిమిషాల్లో పడ్డ చిన్న అబద్ధం చివరికి హోటల్ మొత్తాన్ని చుట్టేస్తుంది.

అమ్మగారితో 'గూర్మే నైట్' ముందు చూడండి. విందు కోసం వంటకం తెస్తుంటే దారిలో కారు ఆగిపోతుంది. బాసిల్ కారును తిడతాడు, బెదిరిస్తాడు, మూడు అంకెలు లెక్కపెడతాడు. అది కదలదు. ఫ్రేములోంచి పరుగెత్తి వెళ్లిపోతాడు. తెర మీద కారు ఒక్కటే మిగులుతుంది. తర్వాత చెట్టుకొమ్మ ఒకటి పట్టుకొచ్చి దాన్ని చితకబాదుతాడు. అక్కడ ఒక్క మాట అర్థం కాకపోయినా నష్టం లేదు. మిగతా చోట్ల మాత్రం సబ్‌టైటిళ్లు చూస్తూ మీరే అమ్మగారికి చెబుతుండండి. హోటల్లో పనిచేసే మాన్యుయెల్‌కూ ఇంగ్లీషు అంతంతమాత్రమే కాబట్టి కథలో సగం గందరగోళం ఆవిడకు మీకంటే ముందే అర్థమవుతుంది. ఒక రోజు ఒకటే చూడండి, రెండోది మర్నాటికి ఉంచండి.